1947–48లో అందరూ ఒకేసారి బయలుదేరారు కదా, దారులు ఎక్కడ విడిపోయాయి?

చింతచెట్టు కింద | శనివారం, ఉదయం 7:20

మా అమ్మాయి పోటీ పరీక్షకు చదువుతోంది. నిన్న రాత్రి పక్కన కూర్చుని ఒక పట్టిక గీయించాను. ఎడమవైపు నాలుగు పేర్లు: భారత్, పాకిస్తాన్, బర్మా, సిలోన్. స్వాతంత్ర్యం వచ్చిన తేదీలు వేస్తే అన్నీ ఆరు నెలల లోపే సర్దుకున్నాయి. 1947 ఆగస్టు 14, 15, ఆపైన 1948 జనవరి 4, ఫిబ్రవరి 4.

తర్వాత పదిహేనేళ్ళు దాటించి 1962 దగ్గర ఇంకో గడి గీశాం. మన దగ్గర మూడో సార్వత్రిక ఎన్నికలు. పాకిస్తాన్‌లో ఫీల్డ్ మార్షల్ అయూబ్ ఖాన్. బర్మాలో మార్చి 2న జనరల్ నే విన్ ప్రధానిని పట్టి జైల్లో పెట్టాడు. సిలోన్‌లో జనవరిలో కొందరు సైనిక, పోలీసు అధికారులు కుట్ర పన్నారు గాని మొదలుకాకముందే దొరికిపోయారు. నేపాల్‌ను బ్రిటిష్‌వాళ్ళు ఏలలేదు కాబట్టి పట్టికలో పెట్టలేదు. పెట్టి ఉంటే, 74 సీట్లు గెలిచి ప్రధాని అయిన బి.పి. కొయిరాలా అప్పటికి రాజుగారి జైల్లో ఉన్నాడని రాయాల్సి వచ్చేది.

అమ్మాయి అడిగింది: "అయితే నాన్నా, మనవాళ్ళు మంచివాళ్ళు కాబట్టి ఇలా జరిగిందా?" అవునని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ పిల్లకు ఏమి చెప్పమంటారు?

పాతపాఠాలు | శనివారం, ఉదయం 8:05

ఆగిపోయి మంచి పని చేశారు. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పినవాణ్ణి, ఈ "మంచివాళ్ళు" సిద్ధాంతం ఎన్ని జవాబు పత్రాల్లో దిద్దానో లెక్కలేదు. దానికి తోడుగా వచ్చేది "పెద్దాయన పోయాడు" సిద్ధాంతం. జిన్నా 1948 సెప్టెంబరులో పోయాడు, లియాఖత్ అలీ ఖాన్‌ను 1951లో రావల్పిండిలో కాల్చారు, అందుకే పాకిస్తాన్ దారి తప్పిందంటారు. ఆంగ్ సాన్‌ను స్వాతంత్ర్యానికి ముందే, 1947 జూలై 19న, మంత్రులతో సహా చంపేశారు, అందుకే బర్మా అలా అయిందంటారు. మరి సిలోన్ మొదటి ప్రధాని డి.ఎస్. సేనానాయకే 1952 మార్చిలో గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. ఆ దేశం రెండు నెలల్లో ఎన్నికలు పెట్టుకుని తన దారిన తాను పోయింది. బండారనాయకేను 1959లో కాల్చి చంపితే మరుసటి ఏడాది ఆయన భార్య ఎన్నికల్లో గెలిచి ప్రపంచంలోనే మొదటి మహిళా ప్రధాని అయింది.

నా మట్టుకు నేను ముందు చూసేది, మొదటి ఎన్నిక ఎంత తొందరగా పెట్టారన్నది. సిలోన్‌లో ఆడవాళ్ళతో సహా పెద్దలందరికీ ఓటు 1931లోనే వచ్చింది. స్వాతంత్ర్యం నాటికే అది వాళ్ళకు అలవాటు. మనం 1951–52లో పెట్టాం. 17 కోట్ల పైచిలుకు ఓటర్లు, అందులో అత్యధికులకు చదువు రాదు. అందుకని ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనుప పెట్టె, దాని మీద గుర్తు అంటించి పెట్టారు. హిమాచల్‌లోని చీనీలో మంచు ముంచుకొస్తుందని 1951 అక్టోబరులోనే ఓట్లు వేయించారు. "ఫలానావాడి భార్య" అని తప్ప సొంత పేరు చెప్పని ఆడవాళ్ళు సుమారు 28 లక్షలమంది. వాళ్ళ పేర్లను అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ జాబితాలోంచి తీసేయించాడు. అప్పుడు చాలామంది తిట్టారు. తర్వాతి ఎన్నికలకు ఆ ఆడవాళ్ళు పేర్లు చెప్పారు.

పాకిస్తాన్ దేశమంతటికీ కలిపి నేరుగా ఓటు వేయించింది 1970 డిసెంబరులో. ఇరవై మూడేళ్ళ తర్వాత! ఆ ఎన్నికే ఆ దేశాన్ని రెండు ముక్కలు చేసింది.

నల్లకోటు | శనివారం, ఉదయం 9:47

మాస్టారూ, ఎన్నిక పెట్టడంతో పని అయిపోదు. 1954లో తూర్పు బెంగాల్‌లో ఎన్నిక పెట్టారు. ప్రతిపక్షాల కూటమి ఐక్య సంఘటన ఊడ్చేసింది, ముస్లిం లీగుకు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని సీట్లే మిగిలాయి. ఆ కూటమి నాయకుడు ఫజ్లుల్ హక్ ఏప్రిల్ 3న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తే మే 30న అప్పటి రాజధాని కరాచీ నుంచి తీసేశారు. రెండు నెలలు కూడా నిండలేదు.

ఏ అధికారంతో తీసేశారు? 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంతో. తెల్లదొర గవర్నర్ జనరల్ కోసం కుట్టిన కోటు అది. దేశీయులు అదే తొడుక్కున్నారు. 1953 ఏప్రిల్‌లో గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ ప్రధాని నజీముద్దీన్‌ను తొలగించాడు. నజీముద్దీన్ సభలో ఓడలేదు, అప్పుడే బడ్జెట్ నెగ్గించుకుని ఉన్నాడు. 1954 అక్టోబరులో రాజ్యాంగ సభనే రద్దు చేశాడు. సభాధ్యక్షుడు తమీజుద్దీన్ ఖాన్ సింధు కోర్టుకు వెళ్ళాడు. పోలీసుల కన్ను కప్పడానికి బురఖా వేసుకుని ఆటో రిక్షాలో వెళ్ళాడని కథ ఉంది. అక్కడ గెలిచాడు. 1955లో ఫెడరల్ కోర్టు ముఖ్య న్యాయమూర్తి మునీర్ దాన్ని తిరగగొట్టాడు. కారణం చూడండి: ఆ కోర్టుకు రిట్లు ఇచ్చే అధికారమిచ్చిన సవరణ చట్టానికి గవర్నర్ జనరల్ ఆమోదముద్ర పడలేదట! ఏడేళ్ళుగా ఆ సభ చేసిన చట్టాలకు ఎవరూ ఆ ముద్ర అడగలేదు. ఆ తీర్పుతో తలెత్తిన చిక్కును విప్పడానికే, చట్టంలో లేకపోయినా అవసరం కొద్దీ చేసింది చెల్లుతుందనే "అవసర సిద్ధాంతం" పుట్టింది. తర్వాత గద్దెనెక్కిన సైనికాధికారులు కొందరికి అదే గొడుగు.

నా కొలబద్ద ఇది: తొలగించినవాడు, ఓడినవాడు ఇంటికి వెళ్ళి, అన్నం తిని, మళ్ళీ పోటీకి రాగలిగాడా? నజీముద్దీన్ ప్రధానిగా తిరిగి రాలేదు. భుట్టోను 1979 ఏప్రిల్ 4న ఉరి తీశారు. కొయిరాలా ఎనిమిదేళ్ళు జైల్లో ఉన్నాడు, 1982లో చనిపోయేదాకా పదవి ముఖం చూడలేదు. ఇక్కడ ఇందిర 1977లో ఓడింది, 1980లో గెలిచింది. పిల్లకు ఈ ఒక్క గడి అదనంగా గీయించండి.

ఎదురీత | శనివారం, ఉదయం 10:30

పొగడ్త మొదలైపోయింది, ఎవరో ఒకరు నీళ్ళు చల్లాలి కదా.

ఆ 1935 కోటు మనమూ తొడుక్కున్నాం వకీలు గారూ. అందులోని 93వ సెక్షన్‌ను కాస్త కత్తిరించి 356వ అధికరణంగా కుట్టుకున్నాం. 1959లో కేరళలో సభలో మెజారిటీ ఉన్న నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని ఢిల్లీ తీసేసింది. ఢాకాలో హక్‌కు జరిగినదానికీ దీనికీ తేడా ఏమిటి? 1975 జూన్ 25 రాత్రి పెట్టిన అత్యవసర పరిస్థితి సంగతి సరేసరి. లోక్‌సభ గడువు అయిపోతే ఎన్నికలు పెట్టకుండా పొడిగించుకున్నారు.

కోర్టుల గొప్ప కూడా చెప్పకండి. 1976 ఏప్రిల్ 28న మన సుప్రీంకోర్టు అత్యవసర పరిస్థితిలో మనిషిని ఎందుకు పట్టుకుపోయారని అడిగే హక్కు కూడా లేదని నలుగురు ఒకవైపు, ఒక్కడు ఒకవైపుగా తేల్చింది. ఆ ఒక్కడు హెచ్.ఆర్. ఖన్నా. 1955లో మునీర్‌తో విభేదించినవాడు కూడా ఒక్కడే, జస్టిస్ కార్నీలియస్. ఇప్పుడు తమాషా వినండి. సైనిక పాలనలో ఉన్న పాకిస్తాన్‌లో ఆ కార్నీలియస్ 1960లో ముఖ్య న్యాయమూర్తి అయ్యాడు, అదీ ఒక క్రైస్తవుడు. ప్రజాస్వామ్య భారతంలో ఖన్నాను పక్కనపెట్టి ఆయన కంటే జూనియర్‌ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. ఇది ఏ గడిలో రాయిస్తారు?

పాతపాఠాలు | శనివారం, ఉదయం 10:52

కార్నీలియస్, ఖన్నాలను ఇలా పక్కపక్కన నిలబెట్టడం నాకు ఎన్నడూ తట్టలేదు. పదవీ విరమణ చేశాక తట్టి ఏమి లాభం!

నల్లకోటు | శనివారం, మధ్యాహ్నం 1:15

ఎదురీత గారు అన్నది కాదనను. కోటు ఒకటే. కాని 1984 ఆగస్టు గుర్తు చేసుకోండి. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన ఎన్టీఆర్‌ను గవర్నర్ రాంలాల్ ఆగస్టు 16న బర్తరఫ్ చేశాడు. సభలో బలం చూపించుకోనివ్వండి అంటే వినలేదు. నజీముద్దీన్ కథకు ఇది అచ్చు నకలు. తర్వాత జరిగింది చూడండి. ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకెళ్ళి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. పక్క రాష్ట్రం కర్ణాటకలో వేరే పార్టీ ప్రభుత్వం ఉంది, అక్కడ దాచుకున్నారు. పత్రికలు రోజూ లెక్క అచ్చువేశాయి. గవర్నర్ మారాడు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్ళీ ప్రమాణం చేశాడు. అంతా ముప్పై ఒక్క రోజులు.

నజీముద్దీన్‌కు లేనిదీ ఎన్టీఆర్‌కు ఉన్నదీ ఏమిటంటే, పరుగెత్తడానికి పక్క రాష్ట్రం. ఒక చోట తలుపు మూస్తే ఇంకో చోట తెరిచి ఉంది. చట్టం ఒకటే అయినా ఊళ్ళో ఇళ్ళు ఎన్ని ఉన్నాయన్నది లెక్క. పాకిస్తాన్ 1955లో పశ్చిమాన ఉన్న రాష్ట్రాలన్నిటినీ కలిపి ఒకే యూనిట్ చేసేసింది. ఉన్న ఇళ్ళు కూడా కూల్చుకుంది.

చింతచెట్టు కింద | శనివారం, మధ్యాహ్నం 1:40

ఆ నెల రోజులూ నాకు బాగా గుర్తు, పదో తరగతి. మా ఊరికి బస్సులు లేవు. మా నాన్నగారు పేపరు కోసం సైకిల్ మీద నాలుగు మైళ్ళు వెళ్ళి తెచ్చేవారు. ఎమ్మెల్యేల సంఖ్యను క్రికెట్ స్కోరులాగా అరుగు మీద చదివి వినిపించేవారు. అది పాకిస్తాన్ రాజ్యాంగ చరిత్రకు సంబంధించిన విషయమని ఇన్నాళ్ళకు తెలిసింది.

రంగం మనవడు | శనివారం, సాయంత్రం 4:10

బర్మాను అందరూ ఒక వాక్యంలో దాటేస్తున్నారు. మా ఇంట్లో అది దాటే విషయం కాదు. మాది విశాఖ బర్మా క్యాంపు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ రంగూన్ అనరు, "రంగం" అంటారు. ముత్తాత రంగం రేవులో మూటలు మోశాడు. అక్కడివాళ్ళు మనవాళ్ళను కోరంగీలు అనేవారు, మన కోరంగి రేవు పేరు మీద. 1930 మేలో ఆ తెలుగు కూలీలు సమ్మె చేస్తే ఓడల కంపెనీలు బర్మీయులను పెట్టుకున్నాయి. రాజీ కుదిరి మనవాళ్ళు తిరిగి పనిలోకి వస్తే వాళ్ళను పొమ్మన్నాయి. ఆ రోజు మొదలైన అల్లర్లలో ఎంతోమంది మనవాళ్ళు చచ్చిపోయారు. బర్మాలో ప్రజాస్వామ్యం ఎందుకు నిలవలేదని అడిగితే నేను అక్కణ్ణుంచి మొదలుపెడతాను. దేశం ఎవరిది అన్న ప్రశ్న తేలకుండానే జెండా ఎగరేశారు.

ఆంగ్ సాన్ ఆ చిక్కు విప్పే ప్రయత్నం చేశాడు. 1947 ఫిబ్రవరిలో పాంగ్లాంగ్‌లో షాన్, కచిన్, చిన్ నాయకులతో ఒప్పందం రాసుకున్నాడు. ఆ ఏడాది రాజ్యాంగంలో షాన్‌లకు, కరెన్నీలకు పదేళ్ళ తర్వాత విడిపోయే హక్కు కూడా ఇచ్చారు. పాంగ్లాంగ్ ఒప్పందమైన అయిదు నెలలకే ఆయన్ను చంపేశారు. 1948లో కమ్యూనిస్టులు, 1949లో కరెన్‌లు ఆయుధాలు పట్టారు. సైన్యం లేకపోతే రాజధాని లేదన్న పరిస్థితి. పుట్టిన ఏడాదికే ఆ దేశం సైన్యం చంక ఎక్కింది, ఇక దిగలేదు. 1958లో ప్రధాని ఊ నూ తనే నే విన్‌ను పిలిచి కొన్నాళ్ళు నడపమని కుర్చీ ఇచ్చాడు. విచిత్రమేమిటంటే నే విన్ 1960లో ఎన్నికలు పెట్టి తిరిగి ఇచ్చేశాడు కూడా! రెండేళ్ళకు మనసు మార్చుకున్నాడు.

మా తాతగారికి అప్పుడు రంగంలో బియ్యం దుకాణం ఉండేది. 1964లో దుకాణాలన్నీ ప్రభుత్వం తీసేసుకుంది. ఓడ ఎక్కేటప్పుడు మామ్మ చేతి గాజులు రేవులో తీయించారు. విశాఖలో దిగేసరికి ఒక ట్రంకు పెట్టె, ఒక బొంత.

పాతపాఠాలు | శనివారం, సాయంత్రం 5:35

బాబూ, మీ రాత చదివాక నాకు ఒక పోలిక తట్టింది. బర్మా కమ్యూనిస్టులు 1948లో అడవికి వెళ్ళారు, తిరిగి రాలేదు. దాదాపు అదే కాలంలో తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తోంది. 1951 అక్టోబరులో విరమించారు. నాలుగైదు నెలలకే ఎన్నికలు వచ్చాయి. పార్టీ మీద నిషేధం ఉంటే పి.డి.ఎఫ్. (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. తుపాకీ దింపిన చేతికి ఇంకోటి అందించాలి కదా. మన దగ్గర అందింది ఇనుప పెట్టె.

నేపాల్ మావోయిస్టులు 1996 నుంచి పదేళ్ళు పోరాడి 2006లో ఒప్పందం చేసుకున్నారు, 2008 ఎన్నికల్లో 601 మంది సభలో 220 సీట్లతో మొదటి స్థానంలో నిలిచారు. శ్రీలంకలో జె.వి.పి. 1971లో ఒకసారి, 1987–89లో ఒకసారి ఆయుధాలు పట్టింది, రెండుసార్లూ నెత్తురు ఏరులై పారింది. ఆ పార్టీ నాయకుడు అనుర కుమార దిసానాయకే 2024 సెప్టెంబరులో దేశాధ్యక్షుడయ్యాడు. నల్లకోటు గారి కొలబద్దలో దీన్నీ కలపాలి. కుర్చీ పోయినవాడి సంగతి సరే, అసలు కుర్చీనే విరగ్గొట్టబోయినవాణ్ణి కూడా లోపలికి రానిచ్చారా?

ఎదురీత | శనివారం, సాయంత్రం 5:58

తెలంగాణలో తుపాకీ దింపించింది ఇనుప పెట్టె ఒక్కటే కాదు మాస్టారూ, 1948 నుంచి దిగిన సైన్యం కూడా. ఆ మాట కూడా పక్కన రాయండి. మిగతాది ఒప్పుకుంటున్నాను (అప్పుడప్పుడు ఒప్పుకుంటాను).

నిర్వాహకుడు | శనివారం, రాత్రి 8:00

రెండు వ్యాఖ్యలు తొలగించాను. ఏ మతంవారికి ప్రజాస్వామ్యం నప్పుతుందో తేల్చే పని ఇక్కడ పెట్టుకోవద్దు. క్రికెట్ గురించి రాసినవారు పక్క గదికి వెళ్ళండి.

టీ ఆకు | శనివారం, రాత్రి 9:25

మా వారి ఉద్యోగరీత్యా మూడేళ్ళు శ్రీలంకలో ఉన్నాం. పొద్దుటి నుంచి అందరూ సిలోన్‌ను బుద్ధిమంతుడైన పిల్లవాడిలా చూపిస్తుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

1948లో స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే ఆ పార్లమెంటు మొదటగా చేసిన పెద్ద పనుల్లో ఒకటి పౌరసత్వ చట్టం. తేయాకు తోటల్లో తరతరాలుగా పనిచేస్తున్న భారతీయ మూలాల తమిళులు పౌరులు కాకుండా పోయారు. మరుసటి ఏడాది ఓటూ పోయింది. 1947 ఎన్నికల్లో వాళ్ళ పార్టీకి ఏడు సీట్లు వచ్చాయి, 1952లో సున్నా. ఓటు తుపాకీతో పోలేదండీ, ఓటుతోనే పోయింది. 1964లో శాస్త్రి, సిరిమావో కూర్చుని 9,75,000 మందిని లెక్కవేశారు. అందులో 5,25,000 మంది ఇండియాకు, 3,00,000 మంది అక్కడికి, మిగిలినవాళ్ళ సంగతి తర్వాత చూద్దామన్నారు. గిద్దెలు, మానికలతో ధాన్యం కొలిచినట్టు.

నువర ఎలియా దగ్గర ఒక తోటలో మా ఇంటికి పనికి వచ్చే ఆమె తల్లిని చూశాను. కూలీలుండే లైన్ గదిలోనే పుట్టింది, లైన్ గదిలోనే ముసలిదయింది. ఆమెకు ఆ దేశ పౌరసత్వం దక్కింది 2003 చట్టంతో. గుర్తింపు కార్డును చిన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి జాకెట్లో దాచుకునేది. స్నానానికి వెళ్ళేటప్పుడు కూతురి చేతికి ఇచ్చి, వచ్చాక మళ్ళీ తీసుకునేది.

ఇక నల్లకోటు గారి కొలబద్ద. 1977లో జయవర్ధనే 168లో 140 సీట్లు గెలిచాడు. తన పార్టీ ఎంపీల దగ్గర తేదీ లేని రాజీనామా లేఖలు రాయించి పెట్టుకున్నాడు. 1982 డిసెంబరులో పార్లమెంటు ఎన్నికలకు బదులు, ఉన్న సభనే ఇంకో ఆరేళ్ళు ఉంచుదామా అని ప్రజలను అడిగాడు. అవునంటే దీపం గుర్తు, కాదంటే కుండ గుర్తు. దీపం గెలిచింది. మరుసటి జూలైలో తమిళుల మీద అల్లర్లతో కొలంబో తగలబడింది. ఆగస్టులో ఆరో సవరణ తెచ్చి వేర్పాటుకు వ్యతిరేకంగా ప్రమాణం చేయాలన్నారు. చేయబోమన్న తమిళ ఐక్య విమోచన కూటమి ఎంపీల సీట్లు పోయాయి. ఆ కూటమే అప్పుడు ప్రధాన ప్రతిపక్షం! సభలో మాట్లాడేవాళ్ళను పంపేస్తే అడవిలో ఉన్న తమిళ పులులదే మాట అయింది, 2009 మే దాకా. రాజపక్స ఓడి ఇంటికి వెళ్ళాడు, తమ్ముడి రూపంలో తిరిగి వచ్చాడు, మీ కొలబద్దకు సరిపోయాడు. ఆ తల్లి ఎక్కడ సరిపోతుంది?

నల్లకోటు | శనివారం, రాత్రి 10:02

సరిపోదమ్మా. నేను కుర్చీలో కూర్చునేవాళ్ళనే కొలిచాను. ఓటే లేనివాళ్ళు ఓడనూ లేరు, తిరిగి రానూ లేరు. కొలబద్దను ఇంకాస్త కిందికి దించాలి.

పాతపాఠాలు | ఆదివారం, ఉదయం 6:40

రాత్రంతా టీ ఆకు గారు రాసిందే మెదిలింది. అసలు ఆ 1950ల దశకంలో భాష గొడవను ఎవరు ఎలా సర్దారన్నది పక్కపక్కన పెట్టి చూడండి. జిన్నా 1948 మార్చిలో ఢాకా వెళ్ళి ఉర్దూ ఒక్కటే రాజభాష అన్నాడు. 1952 ఫిబ్రవరి 21న అక్కడ విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి. అదే ఏడాది డిసెంబరు 15న మద్రాసులో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షలో చనిపోయారు. నెహ్రూకు భాషా రాష్ట్రాలు ఇష్టం లేదు. అయినా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఇచ్చాడు. 1956లో ఇక్కడ భాషల వారీగా పటం తిరగగీస్తుంటే, అదే 1956లో కొలంబోలో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేశారు. ఒకరు మనసుకు నచ్చకపోయినా దిగివచ్చారు, ఒకరు ఓట్లకోసం బిగుసుకున్నారు.

ఎదురీత | ఆదివారం, ఉదయం 7:30

1956 పాకిస్తాన్ రాజ్యాంగం ఉర్దూతోపాటు బెంగాలీని కూడా రాజభాషగా ఒప్పుకుంది మాస్టారూ. అయినా 1971లో దేశం విడిపోవడం ఆగలేదు. భాష ఇచ్చారు, అధికారం ఇవ్వలేదు. జనాభాలో సగానికి మించి తూర్పున ఉన్నా సభలో సమానం సమానం అన్నారు. 1970లో అవామీ లీగ్ తూర్పున 162 సీట్లలో 160 గెలిస్తే సభనే పిలవలేదు.

పాతపాఠాలు | ఆదివారం, ఉదయం 7:41

నిజమే. దిద్దుకుంటున్నాను.

గది నంబరు 14 | ఆదివారం, మధ్యాహ్నం 12:50

నేను గల్ఫ్‌లో ఉంటాను. చదువుకున్నది తక్కువ, తప్పులుంటే మన్నించండి. మీరు రాసే దేశాలన్నీ మా గదిలో మంచాల మీద ఉన్నాయి. కింద మంచం పాకిస్తాన్ డ్రైవరు, పైన నేపాలీ, నా ఎదురుగా బంగ్లాదేశ్ కుమిల్లా అబ్బాయి, వంటకు శ్రీలంక అన్న.

2024 ఆగస్టు 5న బంగ్లాదేశ్ ప్రధాని హసీనా హెలికాప్టర్ ఎక్కిందని తెలిసినప్పుడు కుమిల్లా అబ్బాయి ఫోను పట్టుకుని మంచం మీద నిలబడ్డాడు, తల కప్పుకు తగిలింది. వాళ్ళ తమ్ముడు కాలేజీలో చదువుతాడు, అప్పటికి మూడు వారాలుగా సరిగ్గా ఫోను దొరకడం లేదు. డ్రైవరు పెద్దాయన మాత్రం చపాతీ నములుతూ "ఇప్పుడు ఎవరు వస్తారో చూడు, వెళ్ళినవాళ్ళ సంగతి కాదు" అన్నాడు. ఆయన దేశంలో ఇంతవరకు ఒక్క ప్రధాని కూడా అయిదేళ్ళు పూర్తి చేయలేదని ఆయనే చెప్పాడు.

2025 సెప్టెంబరులో నేపాల్ ప్రభుత్వం ఫేస్‌బుక్, వాట్సాప్ లాంటివి 26 ఆపేసింది. అక్కడున్నవాళ్ళకు అది వేరే కోపం. మా నేపాలీకి కోపం ఏమిటంటే కూతురి ముఖం చూసే దారి అదొక్కటే. నాలుగు రోజుల్లో పార్లమెంటు ముందు పిల్లలను కాల్చారు, మర్నాడు ప్రధాని ఓలీ దిగిపోయాడు, సింఘ దర్బార్ తగలబడింది. "రాజును 2008లో పంపించాం అన్నా, ఆ తర్వాత ముగ్గురు ముసలివాళ్ళు ఒకే కుర్చీ చుట్టూ తిరుగుతున్నారు" అన్నాడు. శ్రీలంక అన్న అన్నం వారుస్తూ "2022లో మేము రాజభవనం తగలబెట్టలేదు, ఈతకొలనులో ఈదాం అంతే" అని నవ్వాడు.

నాకు ఒక సందేహం. కుమిల్లా అబ్బాయి అంటాడు, వాళ్ళ దగ్గర ఒకప్పుడు మంచి పద్ధతి ఉండేదట, ఎన్నికలప్పుడు ప్రభుత్వం పక్కకు తప్పుకునేదట. నిజమా?

నల్లకోటు | ఆదివారం, మధ్యాహ్నం 2:20

నిజం తమ్ముడూ. ఆపద్ధర్మ ప్రభుత్వం అంటారు. 1996లో పదమూడో సవరణతో రాజ్యాంగంలోకి తెచ్చారు. గడువు ముగియగానే అధికార పక్షం దిగిపోవాలి, పదవీ విరమణ చేసిన ముఖ్య న్యాయమూర్తి మూడు నెలలు నడిపి ఎన్నికలు పెట్టాలి. ఆ పద్ధతిలో 1996, 2001, 2008లో మూడు ఎన్నికలు జరిగాయి. అంతకుముందు అధికారంలో ఉన్న పార్టీ మూడుసార్లూ ఓడింది! 2011లో ఆ పద్ధతి రద్దు చేశారు. ఆ తర్వాతి మూడు ఎన్నికల్లోనూ ఉన్న పార్టీయే గెలిచింది. 2014లో 300 సీట్లలో 153 చోట్ల పోటీయే లేదు.

అయితే అదీ బంగారం కాదు. చివరగా దిగిన న్యాయమూర్తి ఎవరైతే ఆయనే పెద్ద కాబట్టి, 2004లో న్యాయమూర్తుల పదవీ విరమణ వయసును 65 నుంచి 67కు పెంచి తమకు కావలసినవాడు ఆ వరుసలో వచ్చేలా చూశారని గొడవ. అది 2007లో సైన్యం వెనక నిలబడ్డ ప్రభుత్వం దాకా వెళ్ళింది. తీర్పరిని బయటి నుంచి తెస్తే, ఆ తీర్పరి పుట్టే ఇంటినే పట్టుకున్నారు. మన దగ్గర మంచో చెడో, ఎన్నికల సంఘం ఎన్నిక లేని రోజున కూడా కుర్చీలో ఉంటుంది. దాని మీదా ఇప్పుడు నమ్మకం ఎంత ఉందని ఎదురీత గారు అడుగుతారు. ఆ వాదనకు విడిగా గది తెరవమని మనవి.

ఎదురీత | ఆదివారం, మధ్యాహ్నం 2:31

తెరుస్తాను, కంగారు పడకండి.

చింతచెట్టు కింద | ఆదివారం, సాయంత్రం 6:15

అమ్మాయి ఇదంతా చదివింది. "భూటాన్ ఏది?" అని అడుగుతోంది.

టీ ఆకు | ఆదివారం, సాయంత్రం 6:50

భూటాన్‌ది వింత కథ. రాజుగారే ప్రజాస్వామ్యం తీసుకోండని ప్రజల వెంటపడ్డారు. అలవాటు కావడానికి 2007లో ఉత్తుత్తి ఎన్నికలు పెట్టారు. రంగుల పేర్లతో నాలుగు పార్టీలు, పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ. పసుపు రాజుగారి రంగు. 47లో 46 పసుపుకే! మరుసటి ఏడాది అసలు ఎన్నికల్లో గెలిచిన పార్టీకి 45 వచ్చాయి. ముద్దుగా ఉంది కదా. అదే దేశం 1990లలో నేపాలీ మాట్లాడే పౌరులను దాదాపు లక్షమందిని వెళ్ళగొట్టింది. ఉత్తుత్తి ఓటు కూడా వాళ్ళకు లేదు. వాళ్ళు అప్పటికి తూర్పు నేపాల్ శిబిరాల్లో వెదురు గుడిసెల్లో ఉన్నారు.

చింతచెట్టు కింద | ఆదివారం, రాత్రి 7:30

పట్టిక మూడో కాగితానికి వెళ్ళింది. "తిరిగి వచ్చారా" అని ఒక గడి, "ఎవరిని లెక్కలోంచి తీసేశారు" అని ఇంకో గడి గీశాం. రెండో దాంట్లో భారత్ పక్కన ఏమి రాయాలని అమ్మాయి అడిగితే ప్రస్తుతానికి ఖాళీగా వదిలి పెన్సిల్‌తో చుక్క పెట్టమన్నాను. రంగం మనవడు గారూ, ఆ ట్రంకు పెట్టె ఇంకా ఉందా అని కూడా అడుగుతోంది.

రంగం మనవడు | ఆదివారం, రాత్రి 10:45

ఉంది. మీరు అడిగారని ఇప్పుడే అటక మీద నుంచి దించాను. బొంత లేదు, చిరిగిపోయింది. దాని లోపల కుట్టి తెచ్చినవి మాత్రం పెట్టె అడుగున ఉన్నాయి. వంద క్యాట్ల నోట్లు ఏడు, యాభైవి మూడు. ఒక మూల ఎలుక కొరికింది.

1964 మేలో నే విన్ ప్రభుత్వం యాభై, వంద నోట్లు చెల్లవని ప్రకటించింది. అంటే ఓడ ఎక్కేనాటికే అవి చిత్తుకాగితాలు. మరి బొంతలో కుట్టి ఎందుకు తెచ్చారని చిన్నప్పుడు అడిగాను. "ప్రభుత్వం మారితే చెల్లుతాయి" అన్నారు తాతగారు. 1990 మేలో అక్కడ ఎన్నికలు జరిగి, సూకీ పార్టీకి 392 సీట్లు వచ్చాయని రేడియోలో విన్న రోజు ఆయన ఈ నోట్లు తీసి పెరట్లో చాప మీద ఎండబెట్టారు, మీద గులకరాళ్ళు పెట్టి. నేను కాపలా. సైన్యం ఆ సభను పిలవనేలేదు. రెండు మూడు నెలలు చూసి ఆయనే మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టేశారు.

2015లో ఆ పార్టీ మళ్ళీ గెలిచింది, కుర్చీ కూడా ఎక్కింది. అప్పటికి తాతగారు లేరు. ఆ వారం మా నాన్న పనేమీ లేకపోయినా ఒకసారి అటక ఎక్కి దిగారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ కుర్చీ లాక్కున్నప్పుడు మాత్రం ఇంట్లో ఎవరమూ ఆ పెట్టె మాట ఎత్తలేదు.

ఫోటో రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను.